కవాలా దగ్గర చనిపోయింది మనుషులే కదా

గ్రీస్‌లో కవాలా దగ్గర 2022 జూలై 16 రాత్రి కూలిన ఆంటోనోవ్ ఏఎన్-12 కార్గో విమానం గురించి మీ కథనంలో రాస్తూ, ప్రయాణికులెవరూ లేకపోవడం అదృష్టమన్నారు. ఆ మాట దగ్గర మనసు చివుక్కుమంది. అందులో ఉన్న 8 మంది ఉక్రెయిన్ సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. ఒకపక్క సొంత దేశంలో యుద్ధం, వాళ్లేమో సెర్బియాలోని నిష్ నుంచి బంగ్లాదేశ్‌కు సరుకు మోస్తున్నారు.

ఆ విమానానికి నాలుగు ఇంజిన్లున్నాయి, ఒకటి పోతే ఏమైందని కొందరు ఇక్కడే కామెంట్లలో అడుగుతున్నారు. ఇంజిన్ ఆగిపోవడం వేరు, అంటుకోవడం వేరండీ. రెక్కలోనే ఇంధనం ఉంటుంది. అందుకే థెస్సలోనికీ విమానాశ్రయం కంటే దగ్గరని కవాలా విమానాశ్రయం వైపు తిప్పారు. అయినా చేరలేకపోయారు. నేలను తాకకముందే మంటలు కక్కుతూ దిగిపోవడం స్థానికులు తీసిన వీడియోల్లో కనిపిస్తుంది.

అసలు గట్టిగా మాట్లాడాల్సింది సరుకు గురించి. సుమారు 11 టన్నులు, అందులో మోర్టార్ గుండ్లు. కూలాక కూడా పేలుళ్లు వినబడ్డాయి. ఊరివాళ్లను కిటికీలు మూసుకుని ఇళ్లలోనే ఉండమన్నారు, ఫైర్ సిబ్బంది దగ్గరికి వెళ్లలేకపోయారు. ప్రమాదకర సరుకుంటే ఆ జాబితా పైలట్ చేతిలో ఉంటుంది. కానీ మంటల మధ్య విమానం నడిపే మనిషి దాన్ని చదివి వినిపించగలడా? దారి మళ్లించిన నిమిషంలోనే ఆ వివరాలు కింద ఉన్న ఫైర్ స్టేషన్‌కు వాటంతట అవే చేరాలి. దీని మీద కూడా ఒక కథనం రాయండి.