పత్తి కట్టెకు ఎవరు ధర కడతారు?

గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఆఖరి తీత ముగిశాక పత్తి చేలో మిగిలే కట్టె ఎకరాకు దాదాపు టన్ను ఉంటుంది. రైతు కూలి ఇచ్చి దాన్ని పీకిస్తాడు, గట్టున కుప్ప వేయిస్తాడు, పొయ్యిలోకి పోగా మిగిలినదానికి నిప్పు పెడతాడు. ఆ కట్టెతో పార్టికల్ బోర్డులు చేయవచ్చని ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఏనాడో చేసి చూపింది. బొగ్గుతో కలిపి బాయిలర్లలో మండించే గుళికలకూ అది పనికొస్తుంది. మన పొలంలో మాత్రం అది ఇంకా ఖర్చు పద్దులోనే ఉంది. రసాయనాల నుంచి ఇంధనాల దాకా జీవ వనరులతో తయారుచేసే పరిశ్రమలను ప్రోత్సహిస్తామంటూ కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో బయోఈ3 విధానాన్ని ఆమోదించింది. ఉద్దేశం మంచిదే. అయితే ముడిసరుకు పండించేవాడికి ఎంత ధర, ఏ కొలతపై, ఎన్ని రోజుల్లో అన్నది కాగితం మీదికి రానంతవరకు ఇలాంటి విధానాల వల్ల కర్మాగారానికే తప్ప చేనుకు ఒరిగేదేమీ ఉండదని మా అభిప్రాయం.

మిరప సంగతే చూద్దాం. గుంటూరు యార్డులో టిక్కీ (మిరప బస్తా) విప్పగానే వ్యాపారి గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తాడు, విరిచి తేమ పసిగడతాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతుందో కంటితోనే అంచనా కట్టి ధర చెబుతాడు. వంటింటికి వెళ్లే కాయకు ఈ పద్ధతి సరిపోతుందేమో. కారాన్నీ రంగునూ ద్రావణితో పిండి ఓలియోరెసిన్ తయారుచేసే కర్మాగారానికి కాయ అందంతో పనిలేదు. అది కారాన్ని స్కోవిల్ యూనిట్లలోనూ రంగును ఆస్టా యూనిట్లలోనూ కొలుచుకుంటుంది. తెల్లబారిన తాలు కాయలో రంగు పోయినా కారం పూర్తిగా పోదు కాబట్టి, బూజు పట్టనంతవరకు దానికీ పారిశ్రామిక విలువ ఉంటుంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నొప్పి తగ్గించే పట్టీల్లోకి, ఆత్మరక్షణ స్ప్రేల్లోకి చేరుతోంది. మన శరీరం వేడిని ఎలా గుర్తిస్తుందో ఆ పదార్థం సాయంతోనే తేల్చిన డేవిడ్ జూలియస్ 2021 వైద్య నోబెల్ పంచుకున్నారు. గుంటూరు ఆ వార్తను పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఇక్కడి తేజ రకం మిరప చైనాకు వెళ్లి అక్కడ ఓలియోరెసిన్ అవుతుంది. దేశంలో ఈ పరిశ్రమకు కొచ్చి పరిసరాలు పేరు పొందాయి. అంతటి సరుకు పండించిన రైతు గతి ఏమిటంటే, ధర కుప్పకూలి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. గుంటూరు పక్కనే లాం ఫారంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉండగా, ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే యార్డులో రైతు తన కాయ కారమెంతో బేరానికి ముందే కొలిపించుకుని, ఆ చీటీ చేతపట్టుకుని ధర అడిగే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? కొందరు వ్యాపారులకు ఇది రుచించకపోవచ్చు. కంటి అంచనా వల్ల లాభపడేది ఎవరో అందరికీ తెలిసిందే.

పత్తి గింజ అనుభవం ఇందుకు కొంత భిన్నం. జిన్నింగ్‌లో దూదిని వేరుచేశాక గింజ నుంచి నూనె, పశువులకు చెక్క వస్తాయి. గింజను అంటిపెట్టుకున్న పొట్టి నూగు స్వచ్ఛమైన సెల్యులోజ్‌గా మారి పేలుడు పదార్థాల దాకా వెళ్తుంది. గింజకు కొనుగోలుదారులు అనేకమంది ఉన్నందునే పత్తి ధర దూదితోపాటు గింజ ధరను బట్టి కూడా కదులుతుంది. కట్టెకు లేనిది ఆ పోటీయే.

ఒకే కొనుగోలుదారుపై ఆధారపడితే ఏమవుతుందో సుబాబుల్, జామాయిల్ రైతులను అడగాలి. నందిగామ, జగ్గయ్యపేట నుంచి ప్రకాశం జిల్లా దాకా మెట్ట రైతులు కాగితపు మిల్లులను నమ్మి ఏళ్ల తరబడి చేను ఆ చెట్లకే అప్పగించారు. మొక్క నాటాక నాలుగైదేళ్లు ఆగక తప్పదు. కోత సమయానికి ధర నచ్చకపోతే పంట మార్చుకునే వీలు ఉండదు. అధికారుల సమావేశంలో ఖరారైన ధర ఒకటి, దళారీ చేలో చెప్పిన ధర మరొకటి కావడం, నరుకుడు కూలీ, రవాణా ఎవరి ఖాతాలోకి వెళ్తాయో తేలకపోవడం, అమ్మిన కర్రకు డబ్బు కోసం తిరగాల్సి రావడం ఆ రైతులు పడిన పాట్లు. 2003 తర్వాత బయోడీజిల్ ఊపులో అడవి ఆముదం (జట్రోఫా) నాటించిన ఉత్సాహమూ గింజ దిగుబడి ఆశించినంత రాక ఆగిపోయింది. మొక్కజొన్నకు ఇథనాల్ గిరాకీ తోడై ధర నిలబడిన మాట నిజం. దాణా ప్రియమై కోళ్ల రైతు గగ్గోలు పెట్టిన మాటా అంతే నిజం. అందుకే తిండి గింజను కర్మాగారానికి మళ్లించడం కంటే వృథాగా తగలబెట్టే కట్టెతో, ధర పలకని తాలుతో మొదలుపెట్టడం మేలు.

కట్టె విషయంలో ఇంకో లాభమూ ఉంది. గులాబీ రంగు పురుగు కట్టెకు మిగిలిపోయిన ఎండు కాయల్లో దాగి తరువాతి ఖరీఫ్ దాకా బతుకుతుంది. గట్టున పేర్చిన కుప్పలే దానికి ఆశ్రయం. సకాలంలో కట్టె ఊరు దాటితే పురుగు బెడద కొంతైనా తగ్గుతుంది. ఇబ్బందల్లా రవాణాయే. కట్టె తేలిక, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. లారీ నిండినట్టు కనిపించినా తూకం రాదు. కాబట్టి చేలోనే ముక్కలు చేసే యంత్రాలు ఊళ్లకు రావాలి. థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం మేర జీవ ఇంధన గుళికలు కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులోనే చెప్పింది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పల్నాడు చేలకు మరీ దూరమేమీ కాదు. అలాగని ఉన్న కట్టెనంతా తరలించడమూ సరికాదు, కొంత ముక్కలై నేలలో కలవాలి.

ఇక ఒప్పందాల్లో కౌలు రైతు పేరు ఉండాలి. ఇక్కడ సాగు చేసేవారిలో చాలామంది కౌలుదారులే. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుగా గుర్తించే కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి కనుక కార్డు లేనివారే ఎక్కువ. కట్టె అమ్మిన డబ్బు పట్టాదారు ఖాతాలో పడితే పీకించిన కూలీ కౌలుదారు నెత్తిన మిగులుతుంది. రాష్ట్ర ప్రభుత్వం వచ్చే ఖరీఫ్ విత్తనాలు పడకముందే పల్నాడులో ఒకటి రెండు పత్తి మండలాలను ఎంచుకుని, టన్నుకు కనీస ధర, అనుమతించే తేమ శాతం, పదిహేను రోజుల్లో చెల్లింపు, ఆలస్యమైతే వడ్డీ అనే నాలుగు షరతులను తెలుగులో రాయించి, కొనుగోలుదారులను బహిరంగంగా పిలవాలి. కనీసం ఇద్దరు ముందుకు రాకపోతే ధర పెంచి మళ్లీ పిలవాలే గాని, వచ్చిన ఒక్కడికే మండలాన్ని రాసివ్వకూడదు.