చెన్నై నుంచి మా ప్రతినిధి

తెలుగు న్యూస్ ఛానెళ్లకు చెన్నై ఎప్పుడు గుర్తొస్తుంది? తుపాను తీరం దాటుతున్నప్పుడు, తమిళ రాజకీయాలు వేడెక్కినప్పుడు, మనందరికీ తెలిసిన నటుడో గాయకుడో ఆసుపత్రిలో చేరినప్పుడు. అప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో లోగో మైకుతో ఒక మనిషి తెరమీదికొస్తాడు. మిగతా రోజుల్లో ఆయన ఏం చేస్తాడు, ఇల్లెలా గడుపుకుంటాడు అన్నది చెన్నైలోని మన తెలుగు సంఘాల్లో ఎవరికీ పట్టదు. పట్టించుకోవాలనే ఇది రాస్తున్నాను.

2020 ఆగస్టు 5న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కరోనాతో చెన్నైలోని ఎంజీఎం ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబర్ 25న కన్నుమూశారు. ఆ ఏడు వారాలూ చెన్నైలోని తెలుగు రిపోర్టర్ల కళ్లన్నీ ఆ ఆసుపత్రి మీదే. ఇంగ్లీషులో వచ్చిన హెల్త్ బులెటిన్ చేతికందగానే తెలుగులో చెప్పాలి. వెంటిలేటర్, ఎక్మో అంటే ఏమిటో ఊళ్లో టీవీ ముందు కూర్చున్న పెద్దావిడకు కూడా తెలిసేలా చెప్పాలి. మధ్యలో బాలు గారికి నెగెటివ్ వచ్చిందన్న వార్త గుప్పుమంది. అది నిజం కాదని ఆయన కొడుకు చరణ్ గారే చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి సమయాల్లో రిపోర్టర్‌కు ఛానెల్ ఆఫీసులో వార్తలు చూసే డెస్క్ నుంచి వచ్చే ఫోన్ ఒకటే: "పక్క ఛానెల్లో బ్రేకింగ్ పడింది, నువ్వేం చేస్తున్నావ్?" ఆ టెన్షన్‌లో కూడా "కన్ఫర్మ్ కాలేదు సార్, ఆగండి" అనగలిగినవాడే నా దృష్టిలో జర్నలిస్టు.

ఆగకపోతే ఏమవుతుందో ఈ ఊరు కళ్లారా చూసింది. 2016 డిసెంబర్ 5 సాయంత్రం జయలలిత గారు చనిపోయారని కొన్ని తమిళ ఛానెళ్లు తొందరపడి చెప్పేశాయి. పార్టీ ఆఫీసులో జెండా కిందికి దించారు, ఆసుపత్రి ఖండించాక మళ్లీ పైకెత్తారు. అధికారిక ప్రకటన వచ్చింది అర్ధరాత్రి దాటాకే. ఆగినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు, వెనకబడ్డావని తిట్టేవాళ్లే ఎక్కువ.

మనం వార్త చదివే మనిషిని గుర్తుపెట్టుకుంటాం. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారిని ఇప్పటికీ తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే, అంత మంచి ఉచ్చారణ అది. కానీ ఎండలో నిలబడి వార్త తెచ్చే మనిషి పేరు ఎంతమందికి తెలుసు?

వీళ్లలో స్ట్రింగర్లు ఉన్నారు. నెలజీతం ఉండదు, వార్తకింత అని లెక్క. పంపిన వార్త పడకపోతే పెట్రోలు ఖర్చు కూడా సొంతమే. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికలవాళ్లకోసం చేసింది. జీతాలు తేల్చే వేజ్ బోర్డులూ వాళ్లకే ఉండేవి. చట్టంలో జర్నలిస్టు అన్న మాట కిందికి ఎలక్ట్రానిక్ మీడియాను చేర్చడానికి 2020 నాటి కార్మిక కోడ్ దాకా ఆగాల్సి వచ్చింది. కాగితం మీద చేరినంత మాత్రాన స్ట్రింగర్ చేతికి అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చేస్తుందని నేను నమ్మను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. తమిళనాడు 2006లో బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అది ఏటా ఒక్కో తరగతి పైకెక్కుతూ 2016 నాటికి పదో తరగతికి చేరింది. మన పిల్లలు పరీక్షల్లో తెలుగు రాయడానికి మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల పిల్లలు వాళ్లు. ఇది తెలుగు వార్త కాకపోతే ఇంకేది తెలుగు వార్త? నాకు తెలిసిన ఒక రిపోర్టర్ తెలుగు బడుల గురించి స్టోరీ పంపితే "అది అక్కడి లోకల్ కదా, ఇక్కడెవరు చూస్తారు?" అన్నారట డెస్క్‌వాళ్లు. అదే వారం ఒక హీరోయిన్ గుడికి వెళ్తే లైవ్ అడిగారు.

డెస్క్‌ను ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. మన సంఘాలు కూడా రిపోర్టర్‌ని పిలిచేది ఉగాది సభకే. మంత్రిగారికి శాలువా కప్పే షాట్ పడితే చాలు మనకి. తెలుగు టీచర్ పోస్టు ఖాళీగా ఉన్న బడి వివరాలు, కోర్టు ఉత్తర్వు కాపీ, మాట్లాడటానికి సిద్ధంగా ఉన్న ఒక తల్లి ఫోన్ నంబర్ — ఇవి చేతికిస్తే ఆయన డెస్క్‌తో గట్టిగా వాదించగలడు. వట్టి ఆవేదన చెప్పి పంపిస్తే ఆయన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో రెండు విషయాలు అడగబోతున్నాను. ఉగాది పురస్కారాల్లో ఒకటి ఏటా చెన్నైలో పనిచేసే తెలుగు టీవీ రిపోర్టర్‌కో కెమెరామన్‌కో ఇవ్వాలి. మన సంఘం సభ్యులకు తీసుకునే గ్రూప్ ఆరోగ్య బీమాలో స్ట్రింగర్ల కుటుంబాలను కూడా చేర్చాలి, వాళ్ల ప్రీమియం సంఘమే కట్టాలి. సభ ఖర్చులో పూలదండల పద్దు తగ్గించినా నాకు అభ్యంతరం లేదు.