సుడో పాస్‌వర్డ్ మొత్తం తీసేయకండి, కావాల్సిన కమాండ్‌కే మినహాయింపు ఇవ్వండి

ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వాడే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు విసుగొస్తుంది. సిస్టమ్‌ను మార్చే పనులను సుడో అనే కమాండ్‌తో, అంటే రూట్ (సర్వాధికారాలున్న యూజర్) హక్కులతో నడపాలి, అది పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్‌డేట్‌కీ పాస్‌వర్డే, సర్వీస్ రీస్టార్ట్‌కీ పాస్‌వర్డే. ఎవరినడిగినా, ఎవరికి ఏ సుడో హక్కులున్నాయో రాసి ఉండే సుడోయర్స్ ఫైల్లో మన యూజర్ పేరు రాసి, నోపాస్‌వర్డ్ ట్యాగ్ తగిలించి, చివర 'ఆల్' (అన్ని కమాండ్లకూ) అని పెట్టేయమంటారు. సొంత లాప్‌టాప్‌లో ఈ పని చేయొద్దని గట్టిగా చెప్తాను.

ఇంట్లో వాళ్ళు ముట్టుకోకుండా ఉండటానికే ఆ పాస్‌వర్డ్ అనుకుంటారు చాలామంది. కానీ మనం లాగినై ఉన్నంతసేపూ బ్రౌజరూ, ఎడిటర్‌లో వేసుకున్న ఎక్స్‌టెన్షన్లూ, ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే టూల్) ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుండగా తనంతట తానే నడిచే స్క్రిప్టూ అన్నీ మన పేరు మీదే నడుస్తాయి. పాస్‌వర్డ్ లేకపోతే వాటిలో ఏదైనా సరే మనకు తెలియకుండానే రూట్ అయిపోతుంది. టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బాష్‌ఆర్‌సీ ఫైల్లో నకిలీ సుడో పెట్టి పాస్‌వర్డ్ కొట్టేయొచ్చు కదా అంటారా, కొట్టేయొచ్చు, నిజమే. అయినా అది మనం టైప్ చేసేదాకా కాచుకుని కూర్చోవాలి, ఈలోగా దొరికిపోవచ్చు. రూట్ చేతికొచ్చాక లాగ్‌లు చెరిపేసి కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) మాడ్యూల్‌లో దాక్కుంటే మాత్రం సిస్టమ్ మొత్తం మళ్ళీ ఎక్కించుకోవడమే.

అమెజాన్ క్లౌడ్‌లో ఉబుంటు ఇమేజ్ తీసుకుంటే సుడో పాస్‌వర్డ్ అడగదు. అక్కడ అది సబబే, ఎందుకంటే ఆ యూజర్‌కు అసలు పాస్‌వర్డే పెట్టరు, ఎస్ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే డిజిటల్ తాళంచెవి) ఉన్నవాళ్ళే లోపలికి వస్తారు. దాన్ని చూసి లాప్‌టాప్‌లోనూ అలాగే పెట్టుకోవడమే పొరపాటు.

తప్పదనుకుంటే ఒకే ఒక్క కమాండ్‌కు ఇవ్వండి, ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ రీస్టార్ట్ లాంటిదానికి, పూర్తి పాత్‌తో, వెనకొచ్చే పదాలతో సహా రాసి. విమ్ ఎడిటర్‌కో, ఫైళ్ళు చదివే లెస్‌కో ఇచ్చారంటే వాటిలోంచే రూట్ షెల్ (రూట్ హక్కులతో ఏ కమాండైనా నడిపే చోటు) తెరవొచ్చు. మీరు ఎడిట్ చేయగలిగే స్క్రిప్ట్‌కు ఇచ్చినా అంతే. సుడోయర్స్ ఫైల్‌ను దాని కోసమే ఉన్న విసుడో కమాండ్‌తోనే తెరవండి, తప్పు రాస్తే సేవ్ చేసేటప్పుడే ఆపుతుంది. మామూలు ఎడిటర్‌లో ఒక్క అక్షరం తప్పితే సుడోనే మొరాయించవచ్చు, ఉబుంటులో రూట్ అకౌంట్ లాక్ చేసి ఉంటుంది కాబట్టి ఇక రికవరీ మోడ్ దాకా పరిగెత్తాలి. ఇంకొకటి, సరిపోయే రూల్స్‌లో చివర ఉన్నదే చెల్లుతుంది. మీ లైన్ కింద సుడో గ్రూప్ లైన్ (ఆ గ్రూప్‌లోని యూజర్లందరికీ వర్తించేది) ఉంటే పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుంది. అందుకే చివర్లో చదివే సుడోయర్స్.డి ఫోల్డర్‌లో విడిగా ఫైల్ పెట్టడం మేలు, కాకపోతే దాని పేరులో చుక్క ఉంటే సుడో అసలు చదవదు.

చాలామందికి ఇదంతా కూడా అక్కర్లేదు. ఉబుంటులో ఒకసారి పాస్‌వర్డ్ కొడితే అదే టెర్మినల్‌లో 15 నిమిషాల దాకా మళ్ళీ అడగదు, ఆ గడువును టైమ్‌స్టాంప్ టైమవుట్ సెట్టింగ్‌లో 60కి పెంచుకుంటే గంటకోసారి కొడితే చాలు.