పడుకుని తొక్కినా చెమట పడుతుంది

“పడుకుని తొక్కితే అది వ్యాయామం ఎలా అవుతుంది?” నా రికంబెంట్ సైకిల్‌ని చూసినవారిలో చాలామంది అడిగే మాట ఇదే. అడిగేవారికి చెడు ఉద్దేశం లేదని తెలుసు. అయినా ఆ ప్రశ్న వెనుక ఉన్న నమ్మకం మీద నాకు కోపం ఉంది. ఒళ్లు హూనమైతేనే కసరత్తు, సుఖంగా కూర్చుంటే సోమరితనం అనే నమ్మకం అది. ఏళ్ల తరబడి కుర్చీకే పరిమితమైన ఒంటిని మళ్లీ దారిలో పెట్టుకుందామని బయలుదేరినవారు ఎందరో మధ్యలోనే మానేయడానికి అదే కారణమని నా అభిప్రాయం.

చూడనివారి కోసం రెండు మాటలు. రికంబెంట్ సైకిల్‌లో వీపుకు ఆసరా ఉన్న సీటులో వెనక్కి వాలి కూర్చుంటాం. పెడళ్లు కాళ్ల కింద కాకుండా ముందు ఉంటాయి, కాళ్లు చాపి తొక్కుతాం. రెండు చక్రాలవీ ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి.

నేను మామూలు సైకిల్‌తోనే మొదలుపెట్టాను. బరువు పెరిగి, నడుము బిగుసుకుపోయి, మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితిలో ఉన్నాను. ఆ సైకిల్ మీద నన్ను ఆపింది ఊపిరి కాదు, కాళ్లూ కాదు. గుండె ఇంకా సరిగ్గా వేడెక్కకముందే అరచేతులు మొద్దుబారేవి, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కేవి, మెడ పట్టేసేది, సీటు ఒత్తిడికి కూర్చోలేకపోయేవాణ్ణి. బరువు ఎక్కువగా ఉన్నవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ భారమంతా ఇరుకైన సీటు మీద, మణికట్ల మీద పడుతుంది. అంటే వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో వారినే ఆ సీటు ముందుగా దింపేస్తుంది. దిగిపోయినవారికి పట్టుదల లేదని తీర్పు చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వెనక్కి వాలి తొక్కడం మొదలుపెట్టాక ఈ లెక్క తారుమారైంది. బరువు వీపు, పిరుదుల మీద విశాలంగా పరచుకుంటుంది. చేతులు హ్యాండిల్‌ని తిప్పడానికే తప్ప ఒంటిని మోయడానికి కాదు. తల నిటారుగా ఉంటుంది కాబట్టి దారి చూడటానికి మెడ ఎత్తిపట్టనక్కరలేదు. ఇప్పుడు నేను ఆగేది కాళ్లు అలిసినప్పుడు, ఊపిరి చాలనప్పుడు. వ్యాయామంలో మనం ఆగవలసింది అక్కడే కదా! పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంతసేపు గడపాలంటే ముందు ఆ సీటులో కూర్చోగలగాలి.

ఇది బలహీనుల బండి అనేవారికి 1933 నాటి సంగతి చెప్పాలి. ఆ ఏడాది పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు, షార్ల్ మోషే తయారుచేసిన రికంబెంట్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. మామూలు సైకిల్ మీద ఆస్కార్ ఎగ్ అనే సైక్లిస్టు నెలకొల్పి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డు 44.247 కిలోమీటర్లు. ఫోర్ అప్పటి మేటి రేసర్ల వరుసలోనివాడు కూడా కాదు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిల్ నిర్వచనాన్ని బిగించి, ఈ రకాన్ని పోటీల నుంచి తప్పించింది. పోటీలలో కనిపించనిది జనం కంటపడదు, జనం కంటపడనిది దుకాణానికి రాదు. ఈ సైకిల్ నేటికీ వింతగా కనిపించడానికి ఆ నిర్ణయం ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతాను. 2016లో అమెరికాలోని నెవాడాలో టాడ్ రైకర్ట్ చుట్టూ కవచం ఉన్న రికంబెంట్‌ని కేవలం కాళ్ల బలంతో గంటకు 144 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నడిపాడు. కిటుకంతా గాలిలో ఉంది. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి సెకనుకు ఖర్చయ్యే శక్తి 8 రెట్లవుతుంది. సీటు బాగా వాలిన రికంబెంట్‌లో గాలికి అడ్డుపడే ఒళ్లు తగ్గుతుంది. ఒంట్లో సత్తువ తక్కువగా ఉన్న రోజుల్లో చదును రోడ్డు మీద ఆ తేడా ఎంత ఉత్సాహం ఇస్తుందో నాకు తెలుసు.

అయితే ఎత్తు ఎక్కడం కష్టం. పెడళ్ల మీద లేచి నిలబడి ఒంటి బరువుతో తొక్కే వీలు లేదు. చిన్న గేరులోకి దిగి, కాళ్లు వేగంగా తిప్పుతూ ఓపికగా ఎక్కాలి. రెండు చక్రాల రకంలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు తూలకుండా ఉండటం మరో విద్య. మూడు చక్రాలదైతే ఆ చింత లేదు. ఏళ్ల తరబడి మామూలు సైకిల్ తొక్కినవారికి కూడా మొదటి వారాల్లో తొడలు, పిరుదులు కొత్తగా నొప్పెడతాయి, ఎందుకంటే పనిచేసే కోణం మారింది. పాదాలు ఎత్తులో ఉండటం వల్ల కొందరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది మోకాళ్లు. మామూలు సైకిల్ మీద మన బరువుకు మించి తొక్కాలంటే హ్యాండిల్‌ని గట్టిగా లాగిపట్టాలి. ఇక్కడ వీపు వెనుక సీటు గోడలా ఉంటుంది, దాన్ని తన్నిపెట్టి ఎంత బలమైనా వేయవచ్చు. బలం వచ్చిందన్న సంబరంలో పెద్ద గేరులో తొక్కితే ఆ భారమంతా మోకాలి చిప్ప మీదే పడుతుంది. పెడళ్లు నిమిషానికి 80, 90 సార్లు తిరిగేంత తేలికైన గేరులోనే ఉండండి. పెడళ్ల దూరం కూడా సరిచూసుకోండి: పాదం దూరపు కొసకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మరీ దగ్గరైతే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది, మరీ దూరమైతే వెనుక నరం లాగుతుంది. పాదం జారి కింద పడితే, ముఖ్యంగా మూడు చక్రాల బండిలో, కాలు బండి కిందికి ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. పాదాన్ని పట్టి ఉంచే పెడళ్లు అందుకే. ఎత్తు తక్కువ బండి కాబట్టి పొడవాటి జెండా, అద్దం, పగలు కూడా వెలిగే దీపం నాకు తప్పనిసరి.

ఇది ఒక్కటే చాలు అని కూడా అనను. కాళ్లు ఒంటి బరువును మోయని వ్యాయామంతో ఎముకలకు పెద్దగా మేలు జరగదు, చేతులకూ భుజాలకూ పని ఉండదు. నడక, కాస్త బరువులెత్తడం తోడు కావాలి. గుండె జబ్బో వెన్ను శస్త్రచికిత్సో అయినవారు ముందు వైద్యుణ్ణి అడగాలి.

వైద్యులకు, శిక్షకులకు నాదొక విన్నపం. “సైకిల్ తొక్కండి” అని చెప్పి పంపేయకండి. సీటు మీద పది నిమిషాలు కూర్చోలేని మనిషికి బరువు తగ్గాక రమ్మని చెప్పడం కంటే, వ్యాయామశాలలో మూలన ఉన్న వెనక్కి ఆనుకునే సైకిల్‌ని చూపించండి. దాని మీద మాట తడబడేంత ఆయాసం వచ్చేదాకా తొక్కనిచ్చి, అది వ్యాయామమో కాదో ఆ మనిషినే అడగండి.