పక్క బెంచీ ప్రమాదం

పాఠ్యపుస్తకాల బరువు మీద, పరీక్షల ఒత్తిడి మీద, ఫోను తెరల మీద బెంగ పెట్టుకోవడానికి ఇప్పటికే బోలెడుమంది పెద్దలున్నారు. వాళ్ల బెంగల్లోకి నేను చొరబడను. ఎవరూ పట్టించుకోని బెంగ ఒకటి మూలన పడి ఉంటే దాన్ని నెత్తికెత్తుకున్నాను. అది పక్క బెంచీ గురించిన బెంగ.

తరగతి గదిలో మన పిల్లవాడి పక్కన ఇంకొక పిల్లవాడు కూర్చుంటాడు. వాడు ఏ ఇంటి నుంచి వచ్చాడు, వాళ్లింట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ దేవుడికి మొక్కుతారు, నెలాఖరుకు ఎంత మిగులుతుంది అన్న వివరాలు పెద్దలు ముందుగా కనుక్కోకపోతే జరగరానిది జరిగిపోతుంది. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. ఒకసారి కుదిరాక దాన్ని విడగొట్టడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

మన పూర్వులు ఈ ముప్పును ఏనాడో పసిగట్టారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్నారు. ఇంచుమించు ఇదే మాట చెప్పడానికి గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఒక లావుపాటి పుస్తకం రాయాల్సి వచ్చింది. అంతటితోనూ లోకానికి నమ్మకం కుదరలేదు. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ అనే ఇద్దరు పండితులు 515 అధ్యయనాలను ఒక్కచోట కుప్పపోసి, లెక్కలు కట్టి, సావాసం పెరిగేకొద్దీ ఎదుటివారి మీద చిన్నచూపు మొత్తం మీద తగ్గుతుందని తేల్చారు. సామెత చెప్పినవాడికి ఒక్క అధ్యయనం కూడా అవసరం కాలేదు. అయినా ఆ సామెతను మనం హెచ్చరికగా దాచుకున్నాం, వాళ్లేమో శుభవార్తగా అచ్చువేసుకున్నారు.

నా భయం ఉత్తిది కాదు. ఎనిమిదేళ్ల మా మనవరాలు మూడు వారాలుగా ఒకే పేరు జపిస్తోంది.

"ఎవరమ్మా ఆ అమ్మాయి?" అని అడిగాను.

"రెండో బెంచీ అమ్మాయి తాతయ్యా."

"అది కాదు తల్లీ, ఎవరి తాలూకు?"

"నా తాలూకు."

ఇలా లాభం లేదని దర్యాప్తును కాస్త లోతుకు తీసుకెళ్లాను. వాళ్ల నాన్న ఏం చేస్తారని అడిగితే, బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడతారని చెప్పింది. ఇంట్లో ఏం మాట్లాడతారంటే, వాళ్ల తమ్ముడికి పన్ను ఊడిన సంగతి మాట్లాడుకుంటున్నారట. నేను అడిగింది భాష గురించి. మూడు వారాల పరిచయంలో మా పిల్ల కూడబెట్టిన సమాచారం మొత్తం ఇది: ఆ అమ్మాయికి చీకటంటే భయం, భాగహారాలు బాగా వచ్చు, పెన్సిలు చెక్కితే ముల్లు విరగదు. ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటైనా ఉందా? మనిషిని కొలవడానికి మనం తరతరాలుగా వాడుతున్న కొలబద్దల్లో ఒక్కటీ దాని చేతికి ఇంకా అందలేదు. ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇంట్లో ఏం నేర్పుతున్నారని రేపు ఎవరైనా అడిగితే నేను ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి?

ఊరట ఏమిటంటే, ఇది చాలావరకు వయసుతో నయమయ్యే జబ్బే. పదహారు, పదిహేడేళ్ల వాళ్లను పలకరించి చూడండి. వేర్వేరు నేపథ్యాల వాళ్లతో కలిసి చదవడం ఇష్టమేనా అంటే ఒక్కరు కూడా కాదనరు. అడిగినందుకే ఆశ్చర్యపోతారు. ఈ కాలంలో ఇంకా అలాంటివి ఎవరు చూస్తారని మనకే ఒక చురక అంటిస్తారు. వ్యాసరచన పోటీ పెడితే వైవిధ్యం మీద ఆరు పేజీలు రాస్తారు. తోట, పూలదండ, ఇంద్రధనుస్సు అనే మూడు ఉపమానాలూ క్రమం తప్పకుండా పడతాయి. మొదటి బహుమతి వస్తుంది. గంట కొడతారు. బహుమతి అందుకున్న కుర్రవాడు భోజనాల గదిలోకి వెళ్లి, ఇంద్రధనుస్సులో తన రంగు ఏ బల్ల దగ్గర కూర్చుందో చూసుకుని, సరిగ్గా అక్కడే కూర్చుంటాడు.

అదేమిటని అడిగితే నిజంగానే నొచ్చుకుంటాడు. తాను ఎవరినీ రావద్దనలేదు. తన స్నేహితులు ఇక్కడ ఉన్నారు, వాళ్ల స్నేహితులు అక్కడ ఉన్నారు, అంతే. ఈ "అంతే" అన్న మాటను తక్కువగా చూడకండి. థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త 1971లో దీని శక్తిని నిరూపించాడు. ఈయనకు తరవాత నోబెల్ బహుమతి కూడా వచ్చింది. చదరంగం బల్ల లాంటి గళ్ల మీద రెండు రకాల నాణేలను కలగాపులగంగా పేర్చుకున్నాడు. ఒక్క నాణేనికీ పక్కవాడి మీద ద్వేషం లేదు. చుట్టూ ఉన్నవాళ్లలో మూడో వంతు తన రకం ఉంటే చాలు, మిగతావాళ్లు ఎవరైనా పరవాలేదని ప్రతి నాణెమూ ఉదారంగానే అనుకుంటుంది. ఆ మూడో వంతు కూడా లేకపోతే మాత్రం లేచి ఇంకో గడిలోకి వెళుతుంది. ఇలా ఒకటి జరిగి, దాన్ని చూసి ఇంకొకటి జరిగి, చివరికి చూస్తే బల్ల మీద ఈ రకమంతా ఒక కుప్ప, ఆ రకమంతా ఒక కుప్ప. ఎవరూ తరమలేదు, గోడ కట్టలేదు. నాణేలన్నీ అభ్యుదయ భావాలు గలవే.

కాబట్టి యువతరం మీద నాకు పూర్తి విశ్వాసం ఉంది. నా భయమల్లా, మధ్యలో బడివాళ్లు వేలుపెట్టి చెడగొడతారేమోనని.

ఎందుకంటే, ఒట్టిగా ఒకే గదిలో కూర్చోబెడితే సరిపోదని ఆల్‌పోర్ట్ గారే అన్నాడు. సావాసం పనిచేయాలంటే నాలుగు షరతులు తోడుండాలట. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, గురి ఒకటే కావాలి, పోటీపడకుండా చేతులు కలపాలి, పైనున్నవాళ్లు దానికి అండగా నిలవాలి. ఆయన మంచికోసమే చెప్పి ఉండవచ్చు గానీ, ఏ నాలుగు స్తంభాలు తీసేస్తే కప్పు కూలుతుందో మనకు ఇంత విడమరచి చెప్పినవాళ్లు మరొకరు లేరు. ఆ మేరకు పెద్దలందరం ఆయనకు రుణపడి ఉన్నాం.

తెలివైన బడులు ఈ విద్యలో ఆరితేరాయి. అన్ని రకాల పిల్లలనూ చేర్చుకుంటాయి. కరపత్రం మీద అందరూ చేతులు పట్టుకుని నవ్వుతున్న ఫోటో వేస్తాయి. ఆ ఫోటో తీయడానికి ఆ పిల్లలను మొదటిసారి ఒక్కచోటికి పిలిచి ఉంటారు. తరవాత మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీస్తాయి. మార్కులు చూసుకుంటూ వెళితే ఇళ్లు కూడా వాటంతట అవే విడిపోవడం కేవలం యాదృచ్ఛికం. ఫీజు కట్టేవాళ్లకూ కట్టలేనివాళ్లకూ వేర్వేరు వేళలు పెడతాయి. రాయితీ మీద చేరినవాళ్లు ఎవరో లేచి నిలబడమని, వాళ్ల మంచికే, నిండు తరగతిలో అడుగుతాయి. సమాన హోదా అనే స్తంభం ఈ ఒక్క ప్రశ్నతో ఊడి వస్తుంది. రోజుకు ఒక్కసారి అడిగితే చాలు. ఇవన్నీ చేశాక, కలిపి కూర్చోబెట్టినా పిల్లలు కలవడం లేదు, ఏం చేస్తామని నిట్టూరుస్తాయి. ఆ నిట్టూర్పులోని నటనకు నేనైతే చేతులెత్తి మొక్కుతాను.

కొందరు మాత్రం మొండిగా ఎదురు తిరుగుతారు. అమెరికాలోని ఆస్టిన్‌లో వేర్పాటు ఎత్తివేసి నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే గదుల్లోకి పంపినప్పుడు కొట్లాటలు మొదలయ్యాయి. చూశారా, మేము ముందే చెప్పలేదా అనడానికి పెద్దలు నోరు తెరిచేలోగా, 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి పడ్డాడు. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చాడు. ఒకరి దగ్గరున్నది ఇంకొకరి దగ్గర లేదు. అందరి ముక్కలూ కలిస్తేనే పరీక్ష గట్టెక్కుతుంది. భాష తడబడే పిల్లవాడిని అంతదాకా వెక్కిరిస్తున్నవాళ్లు, వెక్కిరిస్తూ కూర్చుంటే తమ మార్కులే పోతాయని గ్రహించి, వాణ్ణి బుజ్జగించి, సరైన ప్రశ్నలు అడిగి చెప్పించుకోవడం నేర్చుకున్నారు. వాడికి తెలివి ఉందన్న విషయం ఆ దారిలో బయటపడింది. స్వార్థాన్ని ఇంత నీచంగా వాడుకుని స్నేహాలు పుట్టించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఢిల్లీలో జరిగింది ఇంకా దారుణం. అక్కడి పేరున్న ప్రైవేటు బడులు కొన్ని పేదింటి పిల్లలకు సీట్లు ఇవ్వాల్సిందేనని 2007లో నియమం వచ్చింది. చదువు చట్టుబండలవుతుందని, అలవాట్లు చెడిపోతాయని తల్లిదండ్రులు ఆందోళన పడ్డారు. ఏం చెడిపోయిందో గౌతమ్ రావ్ అనే ఆర్థికవేత్త కొలిచి చూశాడు. ఆ అధ్యయనం 2019లో అచ్చయింది. చదువు మీద ప్రభావం కలగాపులగంగా, మొత్తం మీద స్వల్పంగానే కనబడింది. చెడింది మాత్రం అలవాట్లే, తల్లిదండ్రులు అన్నంత పనీ జరిగింది. పేద సహాధ్యాయులున్న ధనికుల పిల్లలకు చేయి పెద్దదైంది. పేద పిల్లలతో కలిసి ఆడటానికి వెనకాడటం తగ్గింది. రిలే పరుగుకు జట్టు కట్టమంటే, తమవాడు కాదన్న కారణంతో వేగంగా పరుగెత్తేవాణ్ణి వదులుకునే సత్సంప్రదాయం కూడా వాళ్లలో పలచబడింది. ఓడిపోయినా పరవాలేదు, మనవాడితోనే ఓడిపోదాం అనే త్యాగబుద్ధి లేని తరం దేశాన్ని ఏ దారిన నడిపిస్తుందో ఊహించుకోండి.

ఉత్తర ఐర్లండ్ సంయమనం చూస్తే మనసు కుదుటపడుతుంది. కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదవడానికి అక్కడ మొదటి బడి, లాగన్ కాలేజీ, 1981లో 28 మందితో మొదలైంది. ఇలాంటి బడులు మంచివేనని సర్వేల్లో ఎక్కువమంది మెచ్చుకుంటారు. నలభై ఏళ్లు దాటినా వాటిలో చదివేవాళ్లు మొత్తంలో పదో వంతుకు లోపే. మెచ్చుకోవడం వేరు, పంపడం వేరు అన్న వివేకం ఒక జాతికి ఉండాల్సిందే.

ఇక పరిష్కారానికి వస్తాను. ఒకే రకం పిల్లలను ఒకే బడిలో పెడితే గొడవే ఉండదు కదా అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి చదివేవరకు. 1954 వేసవిలో ఆయన 22 మంది అబ్బాయిలను అమెరికాలోని ఓక్లహోమాలో ఉన్న రాబర్స్ కేవ్ పార్కుకు తీసుకెళ్లాడు. ఏరికోరి ఎంచిన పిల్లలు. అందరిదీ ఒకే రంగు, ఒకే మతం, ఒకే తరగతి, ఇంచుమించు ఒకే వయసు. పెళ్లి సంబంధం చూసేవాళ్లు కూడా అంత జాగ్రత్తగా ఎంచరు. వాళ్లను రెండు జట్లు చేసి, వేరువేరుగా ఉంచి, తరవాత ఆటల పోటీలు పెట్టాడు. ఇంకేముంది, ఒక జట్టు జెండాను రెండో జట్టు తగలబెట్టింది, ఒకరి బస మీద ఒకరు దాడి చేశారు. అవతలివాళ్లు ఎంత నీచులో చెప్పమంటే మాటలు వెతుక్కోలేదు. చివరికి నీళ్ల సరఫరా ఆగిపోయిందని, బండి కదలడం లేదని పనులు కల్పించి ఆయనే వాళ్లను కలిపేశాడు. ఒకే బస్సులో ఇంటికి వెళ్లారట. ఆ భాగం మనకు అక్కర్లేదు.

మనకు కావలసిన భాగం స్పష్టంగానే ఉంది. తేడాలన్నీ ఏరిపారేసినా, ఇద్దరు మిగిలితే ఇంకో తేడా పుడుతుంది. మతం వారీగా విడదీస్తే డబ్బు తేడా మిగులుతుంది, డబ్బు వారీగా విడదీస్తే భాష, అది కూడా సరిచేస్తే ఏ జట్టువాడన్నది. విడదీయడం మొదలుపెట్టినవాడు మధ్యలో ఆపడం పిరికితనం. తర్కాన్ని చివరిదాకా నడిపించి నేను చేరుకున్న ప్రతిపాదన ఇది: ఒక బిడ్డకు ఒక బడి.

ఇది ఆచరణలో సాధ్యమేనా అని శంకించకండి. ఇప్పటికే ఒకసారి జరిగింది. 1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి బాలిక, తెల్లవాళ్ల బడిలో చదవడానికి ప్రభుత్వ మార్షల్స్ కాపలాతో వెళ్లింది. గేటు బయట పెద్దలు గుమికూడి అరిచారు. తెల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను ఇళ్లకు తీసుకుపోయారు. ఆ ఏడాది ఆ అమ్మాయి తరగతిలో ఆమె ఒక్కతే విద్యార్థి. ఎదురుగా ఒక్కతే టీచరు, బార్బరా హెన్రీ. ఆ తరవాత కలిసిన ఒక తెల్లపిల్లవాడు, నీతో ఆడుకోవద్దని మా అమ్మ చెప్పిందని ఆమెతోనే అన్నాడట. వాడికి సొంతంగా అభ్యంతరం ఉన్నట్టు ఎక్కడా కనబడదు. తప్పనిసరి సమాచారం చేరవేశాడు, అంతే.

పద్ధతి బాగానే ఉంది కానీ అక్కడ కూడా చిన్న లోపం దొర్లింది. టీచరు తెల్లజాతి మనిషి. ఏడాదంతా ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చునేసరికి వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. ఎన్నో ఏళ్ల తరవాత మళ్లీ కలుసుకున్నారు కూడా. అంటే పక్క బెంచీ ఖాళీ చేసినా ప్రమాదం ఎదుటి కుర్చీలోంచి వస్తుందన్నమాట. అందుకని నా బడిలో టీచరు కూడా ఉండరు. తెర ఒకటి ఉంటుంది. ఆ తెర మీది బొమ్మకు ఇల్లూ ఊరూ ఉండవు, తమ్ముడూ ఉండడు, వాడికి పన్నూ ఊడదు.

ఈ పథకాన్ని ముందుగా మా మనవరాలికి వివరించాను. శ్రద్ధగా విన్నది. గది పెద్దదేనా అని అడిగింది. పెద్దదే అన్నాను. కిటికీ ఉంటుందా అంది. ఉంటుందన్నాను. "అయితే రెండో బెంచీ కిటికీ పక్కన వేయించు తాతయ్యా, దానికి వెలుతురు కావాలి" అని చెప్పి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. పథకం అర్థం కావడానికి దానికి ఇంకా వయసు చాలదు.

పెద్దలకు అర్థమవుతుందన్న ధైర్యంతో సంతకాల సేకరణ మొదలుపెట్టాను. ఒక మనవి. మొదట అందరికీ కలిపి ఒకే కాగితం పంపాను గానీ, తమ పేరు పైన ఎవరి పేరుందో, కింద ఎవరి పేరుందో చూసి కొందరు సంతకం చేయకుండానే వెనక్కి పంపారు. వాళ్ల ఇబ్బంది న్యాయమైనదే. కనుక మద్దతుదారులు ఎవరి కాగితం వారు తెచ్చుకోవాలి. కలమూ ఎవరిది వారిదే.