యల్లాప్రగడకు ఈరోజు ఇంటర్వ్యూ పిలుపు రాదు

సృజనాత్మకత కావాలని ప్రతి కంపెనీ ప్రకటనలోనూ ఉంటుంది. క్యాంపస్ నియామకాల నోటీసు దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం తగ్గకూడదు, బ్యాక్‌లాగ్ ఉండకూడదు అన్న షరతు చాలా సంస్థలకు అలవాటైపోయింది. మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గట్టెక్కి, తర్వాత పేరుమోసిన మందుల పరిశోధకుడైన నూరేళ్ల కిందటి భీమవరం కుర్రవాడు యల్లాప్రగడ సుబ్బారావు ఈ వడపోతలో మొదటి గంటలోనే పోతాడు. మనిషి ఎవరూ ఆయన దరఖాస్తు చూడనైనా చూడరు.

ఆయన తీరు పై చదువుల్లోనూ మారలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స విభాగంలో అడుగుపెట్టి ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చివరకు ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టినా, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద తొలి పరిశోధనల్లో భాగమైనా శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ పరిశోధన పగ్గాలు చేతికొచ్చాయి.

తర్వాత జరిగినదే నా వాదనకు ప్రాణం. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. రక్తహీనతకు పనికొచ్చే విటమిన్ అది. దాన్ని సీసాల్లో నింపి అమ్ముకుంటే కంపెనీకి చాలు. అయితే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడికి, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ఈ విటమినే జబ్బును ఇంకా రెచ్చగొడుతోందన్న అనుమానం వచ్చింది. మామూలు మేనేజరు అయితే ఆ కబురును తొక్కిపెట్టేవాడు. సుబ్బారావు ప్రయోగశాల మాత్రం విటమిన్‌లా కనిపిస్తూ కణాన్ని మోసగించే పదార్థాలను తయారు చేసి పంపింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో లోకానికి తెలిసింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ కీళ్లవాతానికి రాస్తున్నారు. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. తమ సరుకుకే విరుగుడు తయారు చేయమన్న లక్ష్యం ఏ వార్షిక సమీక్ష పత్రంలో ఉంటుంది?

జపాన్‌లో షుజీ నకామురా అనే ఇంజినీరుదీ ఇదే వరస. నిచియా అనే చిన్న కంపెనీలో పదేళ్లు చేసిన సరుకు సరిగా అమ్ముడుపోలేదు. అయినా ఎవరూ సాధించలేకపోయిన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ చేస్తానంటే వ్యవస్థాపకుడు నొబువో ఒగావా డబ్బిచ్చారు. తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది జింక్ సెలెనైడ్ అనే పదార్థం వెంట పడుతుంటే నకామురా గాలియం నైట్రైడ్ అనే మరోదాన్ని పట్టుకున్నారు. తర్వాతి అధ్యక్షుడు ఆపేయమన్నా ఆపలేదు. 1993లో దీపం వెలిగింది, 2014లో నోబెల్ వచ్చింది. ఈ మధ్యలో పేటెంటుకు కంపెనీ ఇచ్చిన పారితోషికం 20 వేల యెన్లు! ఆయన కోర్టుకెక్కితే 2005లో సుమారు 84 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది.

అందరూ ఇలాగే ఉంటే కర్మాగారం నడుస్తుందా అని అడుగుతారు. నడవదు. మాత్రలో మందు ఎంత ఉండాలో రోజుకొకరు కొత్తగా ఆలోచించకూడదు. రాసిపెట్టిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించేవారే అక్కడ కావాలి. కానీ నేను అడుగుతున్నది వందమందిలో ఇద్దరి గురించి. ఆ ఇద్దరినీ మిగతా తొంభై ఎనిమిది మందిని తూచే తక్కెడలోనే పెట్టి, బరువు చాలలేదని బయటకు పంపుతున్నాం. ఉద్యోగులను పనితీరును బట్టి ఒక వంపుగీత మీద పేర్చి అడుగువారిని ఏరేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది. మనవాళ్లలో చాలామంది దాన్ని ఇంకా అపురూపంగా మోస్తున్నారు.

అయితే తప్పంతా కంపెనీలదే అంటే నాకు నమ్మకం లేదు. ఈ జబ్బు మన ఇళ్లలో, ఇంటర్ హాస్టళ్లలో మొదలవుతోంది. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్న సరిగ్గా ఉందా అని ఆగి ఆలోచించిన పిల్లవాడు అక్కడే నాలుగు ప్రశ్నలు పోగొట్టుకుంటాడు. ఆలోచించకుండా గుర్తుపట్టడమే రెండేళ్ల సాధన. ర్యాంకు తగ్గితే హోర్డింగు మీద ఫోటో ఉండదు, పెళ్లిలో మేనమామ అడిగితే తండ్రి మాట మారుస్తాడు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి, పరీక్ష పేరు మారింది, ఇది మాత్రం మారలేదు.

అలా నలిగి వచ్చిన కుర్రవాడికి పాతికేళ్లు దాటాక కంపెనీ రిసార్టులో రెండు రోజుల సృజనాత్మకత శిక్షణ ఇప్పిస్తుంది. రెండో రోజు సాయంత్రం దానికీ ఒక పరీక్ష పెడతారు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులిచ్చి, సరైనదానికి టిక్కు పెట్టమంటారు.