నార్తాంగర్ అబ్బీ అంటే అంత చులకనా?

ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ అనగానే అందరికీ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హీరో డార్సీ కావాలి. నాకు ఆవిడ నవల ‘నార్తాంగర్ అబ్బీ’ ఇష్టమంటే చాలు, "అదా? చిన్నప్పుడు రాసిందిగా" అని ఓ జాలి చూపు! అసలు చదివారా అంటే, సగంలో ఆపేశారట.

అయ్యా, ఆ సగం తర్వాతే కదా అసలు సంగతి! దెయ్యాల నవలలు చదివి బుర్ర చెడగొట్టుకున్న పదిహేడేళ్ల కాథరిన్, తుఫాను రాత్రి నల్లబీరువాలో రహస్యపత్రం దొరికిందని వణికిపోతుంది. దీపం ఆరిపోతుంది. తెల్లారి చూస్తే అది చాకలిపద్దు! చొక్కాలు, మేజోళ్లు. పగలబడి నవ్వాను.

ఇక జాన్ థార్ప్ అనే కోతలరాయుడు. నవలలు చదవనంటాడు, చదివితే దెయ్యాల నవలల రచయిత్రి రాడ్‌క్లిఫ్‌వే చదువుతానంటాడు. అంతకుముందే తను తీసిపారేసిన ‘ఉడాల్ఫో’ నవల రాసింది ఆవిడేనని పాపం వాడికి తెలీదు. ఇలాంటి శాల్తీలు ప్రతి పెళ్లిలోనూ తగులుతారు.

ఈ పుస్తకానికి మొదట్నుంచీ ఇదే రాత లెండి. 1803లో పది పౌండ్లకు కొన్న ప్రచురణకర్త అచ్చే వెయ్యలేదు. 1816లో అంతే సొమ్ము కట్టి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. 1817 చివర్లో వెలుగు చూసేసరికి ఆస్టెనే లేదు. అప్పుడూ ఒంటరిగా రాలేదు, ఆవిడ మరో నవల ‘పర్స్యుయేషన్’తో కలిపి వేశారు.

డార్సీని మీరే ఉంచుకోండి. మస్లిన్ గుడ్డ బేరం తెలిసిన ఈ నవల హీరో హెన్రీ టిల్నీ నాకు చాలు.